ధైర్యంగా ఉన్నాను, అన్నం ఉంచండి

ఇల్లు మారి మూడేళ్ళయినా, నేను ఫోన్లో ఏ వస్తువు తెప్పించుకున్నా అది ముందు మా పాత ఇంటికే వెళుతుంది. చిరునామా మార్చాను. మార్చినట్టు ఫోను ఒప్పుకుంది కూడా. అయినా మొన్న తెప్పించిన చెప్పుల జత, ఏ.ఎస్. రావు నగర్‌లో ఎదురుచూస్తున్న నన్ను కాదని పాత ఫ్లాటుకి పోయి, ఇప్పుడు అక్కడుంటున్న పెద్దాయన కాళ్ళకి సరిపోయి, అక్కడే స్థిరపడిపోయింది. ఫోన్ చేసి అడిగితే ఆయన "బాగానే ఉన్నాయండీ" అన్నారు. నేను కోప్పడలేదు. పాత చోటికి వెళ్ళిపోయే వాటి మీద కోప్పడే అర్హతని పాతికేళ్ళ కిందటే పోగొట్టుకున్నవాణ్ణి.

ఆ రోజుల్లో, అంటే రెండువేల సంవత్సరం వస్తే లోకంలోని కంప్యూటర్లన్నీ తేదీ తెలియక తికమకపడిపోతాయని పెద్దవాళ్ళు భయపడుతూ, ఆ భయం పుణ్యాన కుర్రాళ్ళకి ఉద్యోగాలు దొరుకుతున్న రోజుల్లో, సికింద్రాబాదులో మేడ మీద మేడ ఉంటే పై మేడలో కంప్యూటర్ క్లాసు ఉండేది. నేనూ డిగ్రీ చేతపట్టుకుని శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి, మెట్టుగూడలో మా చిన్నాన్న ఇంట్లో దిగి, అలాంటి ఒక మేడ ఎక్కి దిగుతుండేవాణ్ణి. చిన్నాన్న రైల్వే ఆఫీసులో గుమాస్తా. మనిషి మంచివాడు, మాట పొదుపు. "ఏడాది సూద్దాం. అవకపోతే ఊరెళ్ళి మీ నాన్న ఎరువుల కొట్లో కూకో" అని ఒకే ఒక్కసారి చెప్పాడు. రెండోసారి చెప్పాల్సిన అవసరం రాలేదు, ఎందుకంటే ఆ ఎరువుల వాసన నాకు ప్రతి రాత్రీ కలలోకి వచ్చేది.

మరి అంత భయం ఉన్నవాడు రాత్రింబగళ్ళు కంప్యూటర్ పుస్తకాలు చదవాలి కదా. చదువుతున్నట్టే కనిపించేవాణ్ణి. అట్ట వేసిన పుస్తకం మీద పెద్ద అక్షరాలతో 'కోబాల్' అని ఉండేది. లోపల మాత్రం ఏనుగులుండేవి. ఆల్ప్స్ మంచుకొండలు దాటిన యుద్ధపుటేనుగులు. మన దేశం నుంచి ఓడెక్కి వెళ్ళి రోములో పోపుగారి ముందు మోకరిల్లిన తెల్ల ఏనుగు. ఈజిప్టు పాలకుడు కానుకగా పంపితే రేవు నుంచి పారిస్ దాకా కాలినడకన వెళ్ళిన జిరాఫీ. తన నీడ చూసి తానే బెదిరిన రాజుగారి గుర్రం. తిరుగు ప్రయాణం లేని ఆకాశయానానికి రష్యావాళ్ళు పంపిన వీధికుక్క. ఇలా చరిత్రలోకి తెలియక నడిచి వెళ్ళిపోయిన జంతువుల గురించి జరిగింది జరిగినట్టు రాసిన పుస్తకాలు. ఎలా అలవాటైందో చెప్పలేను. బహుశా ఆ జంతువుల్లో ఒక్కదానికీ ఇంటర్వ్యూ లేకపోవడం నాకు నచ్చి ఉంటుంది. వాటిని ఎవరో ఒకరు వచ్చి తీసుకెళ్ళారు, అవి వెళ్ళాయి, పేరు వచ్చింది. నన్నూ అలాగే ఎవరైనా వచ్చి తీసుకెళతారని డాబా మీద నులక మంచం వేసుకుని ఎదురుచూసేవాణ్ణి.

డాబా మాది కాదు. ఇంటి ఓనరుది. ఆయన రైల్వే వర్క్‌షాపులో రిటైరై, డాబా మీద చెక్క గూళ్ళు కట్టి పావురాలు పెంచేవాడు. వీధి మొత్తానికీ ఆయన కబూతర్ తాత. సాయంత్రం గూళ్ళు తెరిచి, లుంగీ పైకి కట్టి, జొన్నల డబ్బా గలగలలాడిస్తూ "ఆవ్, ఆవ్, ఆవ్" అంటే ముప్ఫై పావురాలు మెట్టుగూడ ఆకాశాన్ని చుట్టచుట్టి మళ్ళీ ఆ డబ్బా చప్పుడు దగ్గరికే వచ్చేవి. దూరంగా రైలు కూతలు, పైన రెక్కల చప్పుడు, చేతిలో ఏనుగులు. కళ్ళు పుస్తకం మీద ఉండగానే మనసు ఆల్ప్స్ ఎక్కి మంచులో కూర్చునేది. ఉద్యోగం లేనివాడికి అంతకు మించిన సుఖం ప్రభుత్వం కూడా ఇవ్వలేదు.

"ఇంజనీర్ సాబ్" అని పిలిచేవాడు తాత నన్ను. (నేను ఇంజనీరుని కాదు. రెండుసార్లు చెప్పి మానేశాను. వినడానికి బాగానే ఉండేది.) ఆ పుస్తకాల దారి చూపించింది కూడా ఆయనే. "పుస్తకాలు గావాల్నంటే రెజిమెంటల్ బజార్‌కు పో. ఆడ మా దోస్తు దుకాణమున్నది. నేనూ వాడూ వర్క్‌షాపుల ముప్ఫై ఏండ్లు ఒక్క డబ్బల తిన్నం. నా పేరు చెప్పు, జెర మంచిగ జూస్తడు."

పేరు చెప్పాను. మంచిగా చూడటమంటే ఆ దోస్తు భాషలో మొహమెత్తి ఒకసారి చూడటం. రేకుల కప్పు కింద ఇరుకు దుకాణం, అద్దెకిచ్చే పుస్తకాలు, జిగురు వాసన. అందరూ బైండింగ్ సేటు అనేవారు. ఎందుకంటే లావుపాటి పుస్తకం ఏది దొరికినా ఆయన దాన్ని నడిమికి కోసి, రెండు అట్టలు వేసి కుట్టి, మొదటి భాగం, రెండో భాగం అని అద్దెకిచ్చేవాడు. కోత పడే చోటు కథని బట్టి కాదు, బరువుని బట్టి ఉండేది. ఏనుగులు ఆల్ప్స్ మీద ఒక కాలు ముందుకి వేయగానే మొదటి భాగం అయిపోయేది. రెండో భాగం ఎవరో పట్టుకెళ్ళి ఉండేవారు. ఆ కాలు దించిందో లేదో తెలియక నేను వారం రోజులు అన్నం సరిగ్గా తినలేదు. ఏ పుస్తకం తీసుకుంటున్నామో మన చేత్తోనే రిజిస్టర్లో రాయాలి, మూడో రోజు తెచ్చివ్వాలి. అంతకు మించి ఆయనతో మాటలుండేవి కావు. దుకాణం మీది రేకుల పైనుంచి గరగరమని ఏదో చప్పుడు వినిపించేది. నిచ్చెన ఒకటి గోడకి ఆనించి ఉండేది. అదేమిటని నేను అడగలేదు. చరిత్రలో మునిగినవాడు రేకుల చప్పుడు పట్టించుకోడు.

అప్పుడు దొరికింది పావురాల పుస్తకం, మొదటి భాగం. ఫ్రాన్సులో యుద్ధం, శత్రువుల మధ్య చిక్కుకున్న ఒక దళం, చివరి ఆశగా ఒక పావురం కాలికి చీటీ కట్టి వదిలారు. తూటా తగిలింది, ఒక కాలు పోయినంత పనైంది. అయినా లేచి ఎగిరి తన గూటికి చేరింది. దళం బతికింది. తర్వాత ఆ పావురాన్ని అద్దాల పెట్టెలో పెట్టి, ఆ చీటీ గురించి కూడా చరిత్రలో రాసుకున్నారు. ఇది చదివిన సాయంత్రం తలెత్తి చూస్తే నా తల మీదే ముప్ఫై పావురాలు పనీపాటా లేకుండా తిరుగుతున్నాయి. నాలాగే.

తాతతో ఆ మాటే అన్నాను, కొంచెం సర్ది. "తాతా, వీటితో ఉత్తరాలు పంపొచ్చు తెలుసా?"

"ఎవలికి?"

"ఎవరికైనా."

"నాకు ఎవలు రాస్తరు" అని ఆయన డబ్బాలో జొన్నలు నింపుకున్నాడు. అంతటితో శాస్త్రీయ చర్చ ముగిసింది.

ఆ వారమే ఏ.ఎస్. రావు నగర్‌లో ఒక కంపెనీ రాతపరీక్షకి పిలిచింది. పొద్దున పరీక్ష, మూడింటికి ఫలితం గోడకి అంటిస్తారు. పిన్ని నాకోసం శనివారాలు ఉపవాసం మొదలెట్టింది. ఆ ఫలితం ఇంటికి ఎలా చేరాలన్నది నేను నిర్ణయించేసుకున్నాను. చిన్నాన్న ఇంట్లో ఫోనుంది. కంపెనీ పక్కనే ఎస్టీడీ బూతు ఉంది. అవి చరిత్రలోకి ఎక్కే మార్గాలు కావు.

మెట్ల పక్కన విడిగా ఒక చిన్న గూడు ఉండేది. అందులో ఒకే ఒక పావురం. ఒళ్ళంతా తెలుపు, మెడ మీద మాత్రం వాన వెలిసిన తర్వాతి రంగు. మిగతా వాటితో ఎగరనిచ్చేవాడు కాదు తాత. సాయంత్రాలు దాని పక్కన కూర్చుని ఏదో గొణిగేవాడు. దాని రెక్కల ఈకలు దారంతో కట్టి ఉండేవి. ఎందుకు కట్టారో నేను అడగలేదు. అంత అందమైన ప్రాణిని కట్టేయడం ముసలివాళ్ళ మొండితనం అనుకున్నాను. పరీక్ష రోజు పొద్దున, తాత పాలకి వెళ్ళిన సమయం చూసి, పిన్ని కుట్టుమిషను కత్తెరతో ఆ దారం కత్తిరించి, దాన్ని కూరగాయల వైరు బుట్టలో పెట్టి, పైన తువ్వాలు కప్పి బస్సెక్కాను. దొంగతనం అనుకోలేదు. నియామకం అనుకున్నాను.

బస్సులో అది గుటుర్రుమన్నప్పుడల్లా నేను దగ్గాను. కండక్టరు రెండు స్టాపులు చూసి, "దగ్గు తువ్వాల్ల నుంచి వస్తున్నదేంది సార్" అన్నాడు. కంపెనీ గేటు దగ్గర వాచ్‌మన్ బుట్ట లోపలికి వద్దన్నాడు. "లంచ్" అని చెప్పి ఆయన స్టూలు కింద పెట్టాను. పరీక్ష రాసి బయటికి వచ్చేసరికి ఆయన తన టిఫిను డబ్బాలోంచి మెతుకులు తీసి తువ్వాలు సందులోంచి వేస్తున్నాడు. "మీ లంచ్‌కు ఆకలైతున్నది సార్" అన్నాడు.

మూడింటికి కాగితం అంటించారు. నా పేరు లేదు. కిందనుంచి పైకి కూడా చదివాను, పద్ధతి మారిస్తే దొరుకుతుందేమోనని.

ఇక చీటీ రాయాలి. 'రాలేదు' అని ఒక్క మాట రాస్తే సరిపోయేది. కానీ రేపు అద్దాల పెట్టెలో పెట్టేటప్పుడు ఆ ఒక్క మాట ఏం బాగుంటుంది? ఎస్టీడీ బూతు నీడలో నిలబడి ఇరవై నిమిషాలు ఆలోచించి, ఓడిపోయిన సేనాని హుందాతనంతో రాశాను: "ఉద్యోగం రాలేదు. ధైర్యంగా ఉన్నాను. అన్నం ఉంచండి." సంతకం పెట్టలేదు. మహావీరులు పెట్టరు. కాలికి దారంతో కట్టి, రెండు చేతులా పైకి ఎగరేశాను. అది రెండు చుట్లు తిరిగింది. మూడో చుట్టులో మెడ రంగు ఒక్కసారి ఎండలో మెరిసింది. ఒక దిక్కు ఎంచుకుని, సందేహం లేకుండా వెళ్ళిపోయింది. ఇంత సందేహం లేకుండా నేను ఒక్క జవాబూ రాయలేదే అనుకున్నాను. ఉద్యోగం రాని మనిషికి ఉండాల్సిన బాధ కూడా కాసేపు లేదు. ఆకాశం చూస్తూ అలా నిలబడిపోయాను, రెండు బస్సులు వెళ్ళిపోయేదాకా.

ఇంటికొచ్చేసరికి పిన్ని గుమ్మంలో ఉంది. "ఏటయ్యిందిరా?"

"చీటీ రాలేదా?"

"ఏ చీటీ?"

"...అన్నం ఉందా?"

"నువ్వు బయట తినేసి వస్తావేటో అనుకున్నానురా. ఉండు, ఎసరు పెడతాను" అంది. ఫలితం ఆవిడకి అర్థమైపోయింది. చిన్నాన్న పేపరు మడిచి, "ఇంకా టైముందిలే" అన్నాడు. ఏడాదిలో ఎంత టైముందో మా ఇద్దరికీ తెలుసు. పైన డాబా మీద జొన్నల డబ్బా గలగలలాడుతూనే ఉంది. "ఆవ్, ఆవ్, ఆవ్."

రెండు రోజులు అలాగే గలగలలాడింది. తాత అన్నం మానలేదు గాని, మాట మానేశాడు. పక్కింటి డాబాలన్నీ ఎక్కి దిగాడు. పిన్ని "పిల్లేటైనా పట్టుకుపోయిందేటో తాతా" అని ఓదార్చబోతే, ఆయన గూటి దగ్గర దొరికిన దారం ముక్క అరచేతిలో పెట్టి చూపించాడు. "గీ దారం జూడు బిడ్డా. కొరికింది గాదు, కత్తిరించింది. పిల్లికి కత్తెర ఏడికెల్లి వస్తది?" నేను 'కోబాల్' పుస్తకంలోకి తల ఇంకొంచెం దించాను. ఒప్పుకుందామనే అనుకున్నాను. పొద్దున ఒప్పుకుందామని సాయంత్రమూ, సాయంత్రం ఒప్పుకుందామని పొద్దునా అనుకున్నాను. చీటీలో రాసిన ధైర్యం నిజానికి ఎంత ఉందో అప్పుడు కొలత తెలిసింది.

మూడో రోజు, గడువు దాటిన పుస్తకం తిరిగివ్వాలి కాబట్టి రెజిమెంటల్ బజార్ వెళ్ళాను. పుస్తకం బల్ల మీద పెట్టాను. బైండింగ్ సేటు ఎప్పుడూ లేనిది తలెత్తి నన్ను పూర్తిగా చూశాడు.

"అన్నం తిన్నవా?"

ఆయన నాతో మాట్లాడిన మొదటి సొంత మాట అది. "తిన్నాను" అన్నాను.

"ధైర్యంగనే ఉన్నవా?"

నా కాళ్ళ కింద నేల రెండు భాగాలైంది. ఆయన రిజిస్టరు తెరిచి, నా చేతిరాత పక్కన నా చీటీ పెట్టాడు. పైన రేకుల మీద గరగరమంది. ఆ గరగర పావురాల కాళ్ళదని నాకు మొదటిసారి తెలిసింది.

"ఎవలిదో ఎరుకలేక మూడు దినాలు పరేషాన్ అయిన. నీ రాతతోని గలిసింది. నీకు కబూతర్ ఎవలిచ్చిన్రు?" నేను నోరు తెరిచేలోపు ఆయనే అందుకున్నాడు. "వాడే ఇచ్చిండు గద. నా మోకాళ్ళు నిచ్చెనెక్కనిస్తలేవని, అన్నిట్ల మంచిదాన్ని వానికిచ్చిన. నలభై దినాలు రెక్కలు గట్టి ఉంచు, గాడ అలవాటైతే నీది, తిరిగొస్తే నాది అన్న. ముప్ఫై రెండో దినం నా రేకుల మీద దిగింది. వద్దనుకుంటే నోటితోని చెప్పాలె. పోరగాని చేతికిచ్చి గిట్ల తోలిస్తడా? ముప్ఫై ఏండ్ల దోస్తానా." గొంతు మాత్రం పుస్తకం ఆలస్యమైనప్పటిలాగే ఉంది. కళ్ళు వేరేగా ఉన్నాయి.

పావురం దొరికిందన్న సంతోషం ఒక్క క్షణమే నిలిచింది. నేను తెంచింది ఈకలకి కట్టిన దారం ఒక్కటే కాదు. అక్కడ డాబా మీద ఒకాయన ఆకాశం చూస్తున్నాడు. ఇక్కడ రేకుల కింద ఇంకొకాయన తన కానుకని మొహాన కొట్టారనుకుంటున్నాడు. ఇద్దరి దగ్గరా ఫోను ఉంది. పోగొట్టానని చెప్పలేక ఒకరూ, ఎందుకు తోలావని అడగలేక ఇంకొకరూ, ఎత్తరు. ఈ ఇద్దరి మధ్య వార్త మోయగలిగిన ప్రాణి ఊళ్ళో ఒక్కటే మిగిలింది. దానికి రెక్కల్లేవు, బస్సు పాసుంది.

మెట్టుగూడ వచ్చి, డాబా ఎక్కి, తాతకి మొత్తం చెప్పాను. ఫ్రాన్సు యుద్ధంతో మొదలుపెడితే "అసలుకు రా" అన్నాడు. అసలుకు వచ్చాను. ఆయన తిట్టలేదు. డబ్బా కింద పెట్టి, కిందికి దిగి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, "నడువ్" అన్నాడు. బస్సులో పక్కపక్కనే కూర్చున్నాం. ఆయన కిటికీలోంచి చూశాడు. నేను ఆయన చెప్పులు చూశాను.

దుకాణం ముందు దోస్తులిద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారు.

"నేను తోలలే" అన్నాడు తాత.

"మరి ఎవలు తోలిన్రు?"

ఇద్దరూ నావైపు తిరిగారు. అంత శ్రద్ధగా నన్ను ఏ ఇంటర్వ్యూలోనూ చూడలేదు.

"తీస్కపో. ఎనిమిది దినాలే తక్కువున్నయ్" అన్నాడు బైండింగ్ సేటు.

"మాటంటే మాటే. తిరిగొచ్చింది, నీదే."

"నిచ్చెనెవడు ఎక్కాలె? నువ్వెక్కుతవా?"

"ఎక్కెటోడు ఉన్నడు గద" అన్నాడు తాత, నా భుజం మీద చెయ్యి వేసి. ఆ చెయ్యి బరువు చూస్తే క్షమించినట్టూ ఉంది, అరెస్టు చేసినట్టూ ఉంది.

అలా నలభై రోజులు పొద్దున్నే మెట్టుగూడ నుంచి వెళ్ళి ఆ నిచ్చెన ఎక్కాను. రేకుల మీద గూళ్ళు కడిగి, నీళ్ళు మార్చి, జొన్నలు పోశాను. కిందనుంచి సేటు "ఎడమ దిక్కుది తిన్నదా?" అని అడిగేవాడు. తాత కూడా రోజూ రావడం మొదలుపెట్టాడు, నేను సరిగ్గా చేస్తున్నానో లేదో చూడటానికని. నిజానికి ఇద్దరూ చాయ్ సాసర్లో పోసుకుని వర్క్‌షాపు కబుర్లు చెప్పుకోవడానికి. పని అయ్యాక రేకుల అంచున కూర్చుంటే స్టేషను గడియారం వైపు నుంచి ఎండ నెమ్మదిగా వచ్చేది. ఆ తెల్లపావురం నా మోకాలి పక్కన వచ్చి కూర్చునేది, ఏమీ జరగనట్టు. దానివైపు నుంచి చూస్తే ఏమీ జరగలేదు మరి. అది ఇంటికి వెళ్ళింది, అంతే. పావురాల పుస్తకం రెండో భాగం అక్కడే చదివాను. ఒక రైల్వే గార్డు దగ్గర నెలన్నర తిరిగి అప్పటికి వచ్చింది. మొదటి పేజీ మొదటి మాటే, కొత్తగా తెచ్చిన పావురాన్ని ఎన్నాళ్ళయినా సరే అలవాటు పడేదాకా వదలకూడదని, వదిలితే పుట్టిన గూటికే పోతుందని. సేటు కోత సరిగ్గా ఆ వాక్యానికి ముందే పడింది.

ఇప్పుడు ఆ దుకాణం చోట ఫోన్లకి తొడుగులు అమ్ముతున్నారు. నేనున్న అపార్ట్‌మెంటులో బాల్కనీలన్నిటికీ పావురాలు రాకుండా వలలు కట్టారు. ఆ తీర్మానం మీద సంతకం పెట్టిన వాళ్ళలో నేనూ ఉన్నాను. ఒక్కొక్కప్పుడు పొద్దున్నే ఆ వలకి అవతల ఏదో తెల్లటిది వాలి లోపలికి చూస్తుంది. ఆ ఇరవై రెండేళ్ళ కుర్రాడు నా లోపలెక్కడో వైరు బుట్ట పట్టుకుని లేచి నిలబడతాడు. వాడి తెలివిని తలచుకుని నవ్వుకుంటాను. వాడి ఖాళీ సమయాన్ని తలచుకుంటే మాత్రం కొంచెం అసూయగా ఉంటుంది.

నలభయ్యో రోజుకి రెండు రోజుల ముందు వేరే కంపెనీలో ఉద్యోగం వచ్చింది. ఈసారి ఫోన్ చేసి చెప్పాను. పిన్ని అన్నం ఉంచింది. నలభయ్యో రోజు పొద్దున స్వీట్ల డబ్బా పట్టుకుని రెజిమెంటల్ బజార్ వెళ్ళి, ఆఖరుసారి నిచ్చెన ఎక్కి దిగి, ఇద్దరికీ చెరో లడ్డూ పెట్టాను. గుండె నిండుగా ఉంది. ఏదో ఒకటి చెప్పాలనిపించింది. రాజుల గుర్రాల గురించీ, పోపుగారి ఏనుగు గురించీ, ఫ్రాన్సు పావురం గురించీ మళ్ళీ ఒకసారి చెప్పి, వాటి పేర్లన్నీ వరసగా అప్పజెప్పి, "మన పావురం వాటికేం తక్కువ తాతా? చూస్తుండండి, ఎప్పటికైనా దీని చరిత్ర నేనే రాస్తాను" అన్నాను.

బైండింగ్ సేటు లడ్డూ నములుతూ రేకులవైపు చూశాడు. తాత చాయ్ సాసరు కింద పెట్టాడు.

"రాస్తవ్ గని, ఇంజనీర్ సాబ్, దాని పేరేందో ఒక్కసారన్న అడిగినవా?"